గోడ మీద నాలుగడుగుల జాగా

తుంచిన కాడ మీద గోరు గుర్తు. పోయిన వారం ధరణిని మనం అక్కడే విడిచిపెట్టాం, పెరట్లో రాధామనోహరం తీగ కింద, అరచేతిలో మొగ్గ లేని పచ్చికాడతో. కొరాపుట్‌లో ఒక డాక్టరుగారి ల్యాబులో రోజూ మైక్రోస్కోపులోకి చూసే పిల్ల ఆమె. పురుగు కొరికితే అంచు రంపంలా ఉంటుందనీ, మేక లాగితే కాడ చీలిపోతుందనీ, మనిషి గోరు తుంచితే నెలవంకలా నొక్కు పడుతుందనీ ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. తను, భర్త నరేంద్ర, మామగారు గంగరాజు.

మొగ్గలు మాయమవడం అది మూడోసారి.

మాఘమాసంలో ఆ తీగ ఒట్టి ఎండుకర్ర. "కొండ సలికి సచ్చిపోయిందమ్మీ, వొదిలీ" అన్నాడు గంగరాజు. ధరణి గోటితో బెరడు గీరి చూసింది. లోపల సన్నటి పచ్చ కనిపించింది. ఆ పచ్చనే నమ్ముకుని ఎండిన కొమ్మల్ని మోకాలెత్తుకి కోసేసింది. మొదలు చుట్టూ తవ్వితే మట్టికన్నా సిమెంటు పెళ్ళలూ ఇటుక ముక్కలూ ఎక్కువ. రెండు గంపలు ఎత్తిపోసి, మాగిన పెంటా సోళ్ళ పొట్టూ, అంటే రాగుల పొట్టు, కలిపి నింపింది. సిల్వర్ ఓక్ చెట్టు కింది కొమ్మలు కొట్టించాక పెరట్లోకి మధ్యాహ్నపు ఎండ వచ్చింది. వానలు మొదలయ్యేసరికి తీగ గోడంతా అల్లుకుంది గాని అన్నీ ఆకులే. పెంట బలం ఎక్కువైతే పువ్వు రాదని సంతలో వెదురుబద్దలు అమ్మే ముసలమ్మ చెప్పింది. పెంట ఆపి పొయ్యి బూడిద చల్లింది. ఆషాఢంలో మొగ్గలు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే పోయాయి.

మర్నాడు తెల్లవారుతుండగా ధరణి వంటింటి కిటికీ పక్కన నిలబడింది. శ్రావణ మాసం. ఆ రోజుల్లో కొరాపుట్‌లో మబ్బు ఆకాశంలో ఉండదు, పెరట్లోకి దిగి వస్తుంది. బావి పళ్ళెం లేదు, గోడ లేదు, సిల్వర్ ఓక్ లేదు. అంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. ఆ తెలుపులోంచి మెల్లగా ఒక మనిషి వచ్చాడు. మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో స్టీలు చెంబు.

గంగరాజు ముందు తీగ మొదట్లో నీళ్ళు పోశాడు. ఒక్కసారిగా కాదు. పసిపిల్లకి పోసినట్టు చేతి మీదుగా, ధార తగ్గించి పోశాడు. చెంబు పక్కన పెట్టి మఫ్లరు కొసతో ఆకుల మీది మట్టి తుడిచాడు. గాలికి జారిన కొమ్మని వెదురుబద్దకి మళ్ళీ కట్టాడు. ఇంత ముద్దు చేసేవాడా దొంగ అని ధరణి అనుకుంటూండగానే ఆయన చెయ్యి పైకి వెళ్ళింది. రెండు వేళ్ళతో ఒక మొగ్గ తుంచాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంకొకటి తుంచాడు.

ధరణి తలుపు తీసింది.

"మావయ్యా."

ఆయన ఉలిక్కిపడలేదు. చెయ్యి మాత్రం కొమ్మ దగ్గరే ఆగిపోయింది.

"లెగిసీసేవేటి అమ్మీ. సలిగా ఉంది, లోపలికెళ్ళు."

"మీ జేబులో ఏటున్నాయి?"

గంగరాజు జేబులోంచి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. పొడుగాటి కాడలతో ఏడెనిమిది మొగ్గలు, కొసలు లేత గులాబీగా. దాచాలని కూడా అనుకోలేదు.

"నెల్రోజులు వేపనూనె కొట్టేను" అంది ధరణి.  "పక్కింటి రష్మి వాళ్ళ మేక తినేసిందని ఆవిడతో మాటా మాటా అనుకున్నాను. ఆవిడ నాతో మాటలు మానేసింది. మీరు వరండాలో కూచుని అంతా వింటూనే ఉన్నారు."

"ఇన్నాను."

"మరి ఒక్క మాట అనలేదేం?"

"ఏటని సెప్పను?"

"మీకిష్టం లేదని చెప్తే నేనా తీగ జోలికి పోయేదాన్నా? నీళ్ళు మీరే పోస్తారు, కొమ్మలు మీరే కడతారు. నీళ్ళు పోసిన చెయ్యే మొగ్గ తుంచితే నేనేటనుకోవాలి?"

గంగరాజు చెంబు బోర్లించి వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. రైల్వేలో కీమేన్ పని చేశాడు. కొరాపుట్ నుంచి రాయగడ వెళ్ళే లైనులో ముప్ఫై ఏళ్ళు సుత్తి భుజాన వేసుకుని పట్టాల మీద నడిచాడు. మామూలుగానే మాట తక్కువ.  మబ్బు ఆయన మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది.

"మీ అత్తకి ఆయాసం లేదమ్మీ" అన్నాడు చివరికి.

ధరణికి అర్థం కాలేదు. అత్తగారు సత్యభామకి కొండ చలి పడదనీ, ఆయాసం వస్తుందనీ, అందుకే రాయగడలో గది తీసుకుని మిషను కుట్టుకుంటూ ఉంటోందనీ పెళ్ళిచూపుల నాడే చెప్పారు. నాలుగేళ్ళుగా ఆమె నమ్ముతున్న మాట అది.

"మరెందుకు అక్కడున్నారు?"

"నా మీద కోపం. తొమ్మిదేళ్ళయింది."

పక్కింట్లో ఎవరో పొయ్యి వెలిగించినట్టున్నారు, పొగ వాసన వచ్చింది. గంగరాజు తీగ మొదటి వంక చూస్తూ చెప్పుకుపోయాడు.

"పాలకొండలో ఆవిడ అమ్మ పోయింది. అంతకు ముందే మీ అత్త ఆ ఇంటి గోడ మీద తీగలోంచి ఒక కొమ్మ తెచ్చి ఇక్కడ పాతింది. నాలుగడుగుల జాగా ఇయ్యండి సాలు అంది. పెళ్ళయిన కాణ్ణుంచీ ఆవిడ అడిగింది అదొక్కటే. కొండ మీద అది బతకదని నానన్నాను. బతికిస్తానంది. అమ్మ పోయిందని కబురొస్తే ఎళ్ళింది. దినాలయ్యేదాకా ఉండిపోయింది. ఆ పన్నెండు రోజుల్లో నాను స్కూటరుకి షెడ్డు ఏయించేను."

"ఇక్కడా?"

"ఇక్కడే. ఆకుల్లేవు, సలికి ఎండిపోయి ఉంది. మేస్త్రీ అడిగేడు, ఇది తీసీమంటారా అని. తీసీమన్నాను. అంతే. ఒక్క నిమిషం కూడా ఆలోసించలేదు."

ధరణికి రెండు గంపల సిమెంటు పెళ్ళలు గుర్తొచ్చాయి.

"తిరిగొచ్చి సూసింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆ రోజు వొండిపెట్టింది. మర్నాడు పెట్టె సర్దుకుంది. గుమ్మంలో నిలబడి ఒక్కటే అంది. అది మళ్ళీ పూసిన రోజు కబురెట్టండి, వొస్తాను అంది. వారానికొచ్చెస్తాదనుకున్నాను. నెలయ్యేక షెడ్డు పీకించేను. మోడు మళ్ళీ సిగిర్చింది గాని పూయలేదు."

"మా పెళ్ళిలో ఇద్దరూ పీటల మీద కూచున్నారు కదా మావయ్యా."

"కూచున్నాం. పెళ్ళయ్యేక బొబ్బిల్లో అందరం ఒకే బండి ఎక్కేం. రాయగడలో ఆవిడ దిగిపోయింది. నాను కిటికీలోంచి సూస్తా కూచున్నాను." ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. "సొరంగంలో ఉండగా బండొస్తే గోడకి అంటుకుని నిలబడాలమ్మీ. ఏటీ ఇనపడదు. పక్కన మనిషి అరిసినా ఇనపడదు. ముప్ఫై ఏళ్ళు అలగ అలవాటైపోయి, ఇంటికొచ్చినా అలగే నిలబడిపోయేను. ఆవిడ ఏటేటి అడిగిందో నాకు తెలీదు. ఇనపడలేదు."

ధరణి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"మరి ఇప్పుడు పూస్తోంది కదా. పూయాలనే కదా తొమ్మిదేళ్ళు నీళ్ళు పోసేరు."

"పూస్తే కబురెట్టాల" అన్నాడు గంగరాజు. "కబురెట్టేక ఆవిడ రాకపోతే? ఇది పూయనన్నాళ్ళూ తప్పు తీగది. పూసేక కూడా రాకపోతే, ఇంక నాకు సెప్పుకోడానికేటీ ఉండదు."

ఆయన అరచేతిలో మొగ్గలు అలాగే ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు చూస్తున్నాడు. ధరణి వాటిని తీసుకుని తన కొంగులో వేసుకుంది.

"మీరు తుంచితే ఇది ఆగదు మావయ్యా. ఈ ఏడు దానికి వేరు కుదిరింది. ఒకటి తుంచిన చోట రెండు వేస్తుంది. అదిగో చూడండి."

చూరు దగ్గర, చెయ్యి అందనంత ఎత్తులో, ఒక గుత్తి వేలాడుతోంది. పది పన్నెండు మొగ్గలు తలలు కిందికి వంచుకుని ఉన్నాయి. గంగరాజు తల ఎత్తి చూశాడు. నిచ్చెన ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఆయన లేవలేదు.

ఆ రోజు ల్యాబుకి వెళ్ళే ముందు ధరణి రష్మి ఇంటికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పింది. రష్మి ఒడియా మనిషి, తెలుగు వచ్చీరాని మాటల్లో మాట్లాడుతుంది. "మా ఛెళి మంచిదని నేను అప్పుడే చెప్పలా" అని, మేక నెత్తి నిమిరి, లోపలికి పిలిచి టీ ఇచ్చింది. దొంగ ఎవరని అడిగితే ధరణి గాలి అని చెప్పింది.

తర్వాత అయిదు రోజులు ఆ ఇల్లు ఇల్లులా లేదు. ఎవరో నిద్రపోతున్నట్టు, లేస్తారేమో అన్నట్టు మామా కోడలూ మెల్లగా నడిచారు, మెల్లగా మాట్లాడుకున్నారు. గంగరాజు పొద్దున్నే నీళ్ళు పోసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. రెండో రోజు వడగళ్ళ వాన వస్తుందేమోనని గొడుగు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. రాలేదు. నాలుగో రోజుకి మొగ్గలు ఉబ్బి, కాడలు వేలి పొడవున సాగాయి. ధరణి ల్యాబులో కూర్చున్నా ఆమె కళ్ళకి చూరు కిందే కనిపిస్తోంది.

అయిదో రోజు సాయంత్రం వాన వెలిసింది. పడమటి కొండల మీద మబ్బు చీలి, తడిసిన పెరట్లో పసుపురంగు వెలుగు పడింది. ధరణి గేటు తీస్తూనే ఆగిపోయింది. వాసన. పండిన పండుదో, అత్తరుదో కాదు. ఎప్పుడో చిన్నప్పుడు ఎవరి జడలోంచో వచ్చి మరిచిపోయిన వాసన లాంటిది. ఆమె పెరట్లోకి వెళ్ళేసరికి గంగరాజు గోడకి చేరబడి నిలబడి ఉన్నాడు. చూరు కింద అయిదు పువ్వులు విచ్చుకున్నాయి. తెల్లగా, అప్పుడే ఉతికి ఆరేసినట్టు. మిగతావి ఒకదాని వెనక ఒకటి విచ్చుకోడానికి వరసలో ఉన్నట్టున్నాయి.

"పూసింది" అన్నాడు ఆయన.

"పూసింది మావయ్యా."

ఇద్దరూ వెలుగు తగ్గేదాకా అక్కడే నిలబడ్డారు. ఈ తీగ పువ్వు సాయంత్రం తెల్లగా పుట్టి, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, మూడోనాటికి ఎర్రబడుతుంది. ఇప్పుడు చూరు కింద ఉన్నది ఆ మొదటి తెలుపు.

నరేంద్ర ఫ్యాక్టరీలో టెక్నీషియను. షిఫ్టు ముగించుకుని టౌన్‌షిప్ బస్సు దిగి వచ్చాడు. పెరట్లో ఇద్దర్నీ చూసి నవ్వబోయి, వాళ్ళ చూపు వెంట పైకి చూసి, నవ్వు ఆపేశాడు.

"రేపు నాను రాయగడ ఎల్తాను" అన్నాడు గంగరాజు కొడుకుతో.

"రేపా? ఎందుకు నానా, నేను ఫోన్ చేసి చెప్తాను కదా. వానలకి లైను మీద రాళ్ళు పడతన్నాయంట. దసరాకి ఎల్దాం, అందరం."

"ఆ లైను మీద ఎక్కడ రాయి పడతాదో నాకు నువ్వు సెప్తావేటి. ఆవిడ కబురెట్టమంది. ఫోను కబురేటి? నానే కబురు."

నరేంద్ర చేతులు కడుక్కోడానికి బావి దగ్గరికి వెళ్ళినవాడు చాలాసేపు రాలేదు. తండ్రీ కొడుకుల మధ్య ఇన్నేళ్ళ సంగతి కదా, బరువుగా ఉంటుందని ధరణి అనుకుంది. ల్యాబుకి సెలవు చెప్పి, తనూ మామగారితో వెళ్తానంది.

పొద్దుటి బండిలో జనం తక్కువ. గంగరాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో తడిగుడ్డ, గుడ్డలో గుత్తి. మూత పూర్తిగా పెట్టలేదు. బండి మబ్బులోకి వెళ్ళి, మబ్బులోంచి సొరంగంలోకి, సొరంగంలోంచి మళ్ళీ వెలుగులోకి వస్తోంది. చీకటి పడ్డప్పుడల్లా ఆ వాసన దగ్గరగా వచ్చి కూర్చున్నట్టు ఉంది. వెలుగు రాగానే కింద లోయలో నాటిన వరిమళ్ళు, వాటి మధ్య ఎర్రటి దారి, దాని మీద ఎవరో ఒక మనిషి గొడుగుతో.

"ఇక్కడే ఒకసారి ఎలుగుబంటి ఎదురొచ్చింది" అన్నాడు గంగరాజు ఒక మలుపులో. "ఇంటికెళ్ళి సెప్తే మీ అత్త మూడు రోజులు నన్ను డూటీకి ఎళ్ళనీలేదు." ఆ మలుపు దాటాక, "అది గుర్తుంది నాకు" అన్నాడు.

"చూడగానే ఏటంటారు మావయ్యా?"

"ఏటీ అనను. ఆవిడ సెప్తే ఇంటాను."

కొండ దిగేకొద్దీ గాలి వెచ్చబడింది. మఫ్లరు తీసి సంచిలో పెట్టాడు. రాయగడ స్టేషన్లో దిగేసరికి చెమట పట్టే ఎండ. డబ్బాలో పువ్వులు అప్పటికే లేత గులాబీ రంగుకి తిరిగాయి. ఆటోలో కూర్చున్నంతసేపూ ఆయన డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఎండ తగలకుండా.

సత్యభామ ఉంటున్న సందు ధరణికి తెలుసు. కిందటి దసరాకి వచ్చింది. వరసగా నాలుగు వాటాలు, చివరిది అత్తగారిది. కిటికీలోంచి మిషను చప్పుడు సందు మొదట్లోకే వినిపించేది. ఇవాళ వినిపించలేదు. చివరి వాటా తలుపుకి తాళం ఉంది. తాళం మీద తుప్పు ఉంది. కిటికీ రెక్కకి సాలెగూడు.

గంగరాజు తాళం కేసి చూసి, తర్వాత కోడలి కేసి చూశాడు.

పక్క వాటాలోంచి ఒకావిడ తడిచేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. జయంతి. దసరాకి వచ్చినప్పుడు ధరణికి పులిహోర పెట్టిన మనిషే.

"సత్యభామ పిన్ని కోసమా? పిన్ని లేదు కదమ్మా. ఆర్నెల్లయిపోయింది ఖాళీ చేసి."

"ఆర్నెల్లా?" అంది ధరణి. "పోయిన ఆదివారం కూడా ఫోన్లో మాటాడేరు. ఇక్కడ ఎండ మండిపోతందన్నారు."

జయంతి ఇబ్బందిగా నిలబడింది. "మీకు తెలుసుననుకున్నాను. మీ ఆయనే వచ్చేరు కదా వ్యాను తీసుకుని. మిషనూ సామానూ దగ్గరుండి ఎక్కించేరు."

సందులో ఎవరో సైకిలు మీద వెళ్ళారు. ధరణికి నిన్న సాయంత్రం నరేంద్ర బావి దగ్గరే ఉండిపోవడం కళ్ళ ముందుకి వచ్చింది. అది తండ్రి గురించిన బరువు కాదని ఇప్పుడు తెలిసింది. గంగరాజు కదలకుండా నిలబడి ఉన్నాడు. వీపు వెనక గోడ ఉన్నట్టు, ముందునుంచి ఏదో దూసుకుపోతున్నట్టు.

"ఎక్కడికెళ్ళింది?" అని అడిగాడు.

"నాకు చెప్పలేదు బాబూ." జయంతి చూపు అప్పుడు ఆయన చేతిలోని డబ్బా మీద పడింది. తెరిచి ఉన్న మూతలోంచి గులాబీ రంగు కనిపిస్తోంది. ఆవిడ ముఖం మారింది. "అది రాధామనోహరమా?"

"అవును."

"ఉండండి" అని లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె మూత వేసిన చప్పుడు తర్వాత ఒక కవరు పట్టుకుని వచ్చింది. "పెద్దాయన ఒకాయన ఈ పువ్వు పట్టుకుని వస్తే ఇమ్మంది పిన్ని. ఉట్టి చేతుల్తో వస్తే మాత్రం ఇవ్వొద్దంది. రారులే అనుకుంది గాని, అయినా ఇచ్చి వెళ్ళింది."

గంగరాజు కవరు చింపాడు. ఒకే కాగితం. జేబులు తడుముకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న హడావుడిలో కళ్ళజోడు పాత చొక్కా జేబులోనే ఉండిపోయింది.

"నువ్వు సదువమ్మీ" అని కాగితం కోడలి చేతికిచ్చాడు.

పైన ఒక అడ్రసు ఉంది. అక్షరాలు నరేంద్రవి. ఊరు బొయిపరిగుడ. కొరాపుట్ నుంచి బస్సెక్కితే పూటలో వెళ్ళి రాగలిగిన ఊరు. ఆర్నెల్లుగా అత్తగారు రాయగడ కన్నా వాళ్ళకి దగ్గర్లోనే ఉంది. ధరణి అంతవరకు పైకి చదివింది. దాని కింద వంకర టింకర అక్షరాలతో, అత్తగారి చేత్తో రాసిన రెండు వాక్యాలు ఉన్నాయి.

'మీరొక్కరే రండి. నేను ఇక్కడ ఎవరి బిడ్డని పెంచుతున్నానో ధరణికి తెలీకూడదు.'

ధరణి ఆ రెండో వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. అక్షరాలు కదల్లేదు, మారలేదు.

"ఆగిపోయేవేటి అమ్మీ" అన్నాడు గంగరాజు, డబ్బా గుండెకి ఆనించుకుని. "కింద ఇంకా ఏదో ఉంది కదా. పైకి సదువు."